కారు కప్పు కారినప్పుడు

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను "అమెరికా ప్రయాణ విశేషాలు" అనే విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమని ఆజ్ఞాపించారు. ఈ హాలులో ఉన్నవారిలో సగం మంది అక్కడికి వెళ్ళి వచ్చినవారే. నయాగరా జలపాతం గురించి మళ్ళీ నేను చెబితే చర్విత చర్వణం అవుతుంది. నేను 2023లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలున్నాను. అందులో సుమారు మూడు నెలలు వాడి ఇంటి గ్యారేజీలోనే గడిపాను. ఒక పాత స్పోర్ట్స్ కారుకి ఊడదీసి పెట్టుకునే కప్పు ఉంటుంది. అది వానకు కారుతోంది. దాన్ని బాగుచేశాం. నేను చూసిన అమెరికా విశేషం అదే. కనుక దాన్ని గురించే మనవి చేసుకుంటాను.

నవ్వకండి. నేను మెకానిక్కును కానని మీ అందరికీ తెలుసు. 1973లో ఇరిగేషన్ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. నా సర్వీసులో స్కూటరు ప్లగ్గు కూడా స్వయంగా తుడిచి ఎరుగను. అయినా ఆ పనిలో గుమాస్తాకి కూడా ఒక స్థానం ఉన్నదని తెలిసింది.

ముందు కారు సంగతి చెప్పాలి. మా అబ్బాయి ఉండేది మిస్సోరి రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నగరం శివార్లలో. వాడి పక్కింటి పెద్దాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. నాకంటె పదేళ్ళు పెద్ద. ఆయన 1976లో కొత్తగా కొనుక్కున్న కార్వెట్ కారు అది. చూపు తగ్గి నడపలేక 2022లో మా వాడికి అమ్మేశారు. ఆ సంగతి నాకు ఫోనులో చెప్పారు గాని ధర చెప్పలేదు. అక్కడికి వెళ్ళాక తెలిసింది. తెలిసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. రాజమండ్రిలో మా ఇంటి శ్లాబు రెండేళ్ళుగా కారుతోంది. ఇక్కడ ఇంటి కప్పు కారుతుంటే వీడు అక్కడ కప్పు ఊడే కారు కొన్నాడేమిటని నా బాధ. భోజనాల దగ్గర ఈ మాట రోజుకొకసారైనా అనేవాణ్ణి. మా కోడలు వినీ విననట్టు పచ్చడి వడ్డించేది.

కార్వెట్ అనేది షెవ్రొలె కంపెనీవారు 1953 నుంచి తయారుచేస్తున్న రెండు సీట్ల కారు. బాడీ రేకుతో కాదు, ఫైబర్‌గ్లాస్‌తో చేస్తారు. 1968 నుంచి 1982 వరకు వచ్చిన మూడో తరం కారుకి తల మీద రెండు పలకలుంటాయి. డ్రైవరు తల మీద ఒకటి, పక్కవారి తల మీద ఒకటి. మధ్యలో ముందు అద్దం చట్రం నుంచి వెనుక కమాను దాకా ఒక కడ్డీ. పై నుంచి చూస్తే ఇంగ్లీషు అక్షరం 'టి' లాగ ఉంటుంది గనుక దీన్ని టీ-టాప్ అంటారు. ఇలాంటి కప్పుకి గోర్డన్ బ్యూరిగ్ అనే కారు డిజైనరు 1951లోనే పేటెంటు పొందారు. కార్వెట్‌వారు మొదట కప్పంతా ఒకే పలకగా తీసేలా చేద్దామనుకున్నారు. కాని పైన ఆధారం లేకపోతే బాడీ మెలిదిరుగుతోందని మధ్యలో ఆ కడ్డీ పెట్టారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

గొళ్ళేలు విప్పి, బయటి అంచు పైకి లేపి, పలక తీసి, సీట్ల వెనుక ఖాళీలో పట్టీలతో కట్టుకుంటే ఆకాశం కనబడుతుంది. 1976లో ఈ కార్లు 46,558 తయారయ్యాయి. అన్నీ ఈ కప్పువే. గుడ్డ టాపు మడిచే రకం 1975తో ఆగిపోయి, మళ్ళీ 1986లో గాని రాలేదు. ఆ కార్లన్నీ తయారైంది ఆ సెయింట్ లూయిస్ నగరంలోనే. 1981లో ఫ్యాక్టరీని కెంటకీ రాష్ట్రంలో బౌలింగ్ గ్రీన్ అనే ఊరికి మార్చారు. అంటే ఈ కారు పుట్టిన ఊరు వదలకుండా నలభై ఏడేళ్ళుగా అక్కడే ఉందన్నమాట. మన పిల్లల్లో ఎందరికి ఆ భాగ్యం ఉంది చెప్పండి.

అసలు ఇబ్బంది ఏమిటంటే, వాన పడితే డ్రైవరు ఎడమ మోకాలి మీద నీళ్ళు పడతాయి. పెద్దాయన దగ్గర ఉన్నప్పుడే ఒక వర్క్‌షాపువారు రెండుసార్లు కొత్త రబ్బరు బీడింగు వేశారట. రెండుసార్లూ ఆర్నెల్లు తిరక్కుండా మళ్ళీ కారిందట. మా అబ్బాయి మూడోసారి రబ్బరు తెప్పించి, అట్టపెట్టె గ్యారేజీలో పెట్టాడు. ఆ శనివారం అంటించడానికి కూర్చోబోతుంటే నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. "ఒరేయ్, ముందు షట్టరు వాలిందేమో చూశావా?" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. మీలో ఇరిగేషన్‌వారికి అర్థమై ఉంటుంది. పూర్వం డెల్టాలో ఒక కాలువ రెగ్యులేటరు దగ్గర షట్టరు పక్కనుంచి నీరు పోతుంటే కాంట్రాక్టరు కొత్త రబ్బరు సీలు వేసి బిల్లు పెట్టాడు. నెల తిరక్కుండా మళ్ళీ లీకు. మళ్ళీ రబ్బరు, మళ్ళీ బిల్లు. ఆ ఫైలు నా సీటులోనే ఉండేది. మూడోసారి మా వర్క్ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, "షట్టరే ఒక పక్కకి ఒరిగిందయ్యా. ఒరిగిన షట్టరుకి ఎన్ని రబ్బర్లు వేసినా రబ్బరు అరుగుతుంది గాని నీరాగదు. ముందు షట్టరు నిలబెట్టమనండి" అన్నారు. ఆ మాట నేను నోట్ ఫైలులో రాసి పుటప్ చేశాను. నలభై ఏళ్ళ తర్వాత అది అమెరికాలో అక్కరకొచ్చింది.

మా వాడు రబ్బరు పెట్టె పక్కన పెట్టి, "అయితే ఎక్కణ్ణుంచి మొదలెడదాం నాన్నగారూ?" అన్నాడు. పక్కింటి పెద్దాయన కూడా మడత కుర్చీ తెచ్చుకుని గ్యారేజీ గుమ్మంలో కూర్చున్నారు. అలా మా ముగ్గురి కమిటీ ఏర్పడింది.

మొదటి పని రిజిస్టరు తెరవడం. అది నా వంతు. క్రమ సంఖ్య, వస్తువు, ఎక్కడనుంచి తీసినది, ఎన్ని, రిమార్కులు అని ఐదు గడులు గీశాను. తీసిన ప్రతి స్క్రూను కాగితం కవరులో వేసి, కవరు మీద నెంబరు రాశాను. మా వాడు మొదట నవ్వాడు. పలక లోపలి వైపు ఒక మెత్త అట్ట ఉంటుంది, మన తలకు పైన కనిపించేది. దాన్ని బిగించే స్క్రూల్లో పొట్టివీ పొడుగువీ కలిసి ఉన్నాయి. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైకి పొడుచుకొచ్చి ఫైబర్‌గ్లాస్ పగులుతుంది. తిరిగి బిగించేనాటికి రెండు నెలలు గడిచాయి. ఏది ఎక్కడిదో వాడికి గుర్తు లేదు. రిజిస్టరుకి గుర్తుంది. ఆ రోజు నుంచి నవ్వలేదు.

రెండో పని సందులు కొలవడం. పలక చుట్టూ ఆరు చోట్ల టేపు ముక్కలంటించి నెంబర్లు వేశాం. సందు కొలిచే సాధనం నేనే కనిపెట్టాను. పేకముక్కలు. ఎన్ని ముక్కలు దూరితే అంత సందు. కుడి పలక చుట్టూ కొంచెం అటూ ఇటూగా పది ముక్కలు పట్టాయి. ఎడమ పలకకి వెనుక మూల తొమ్మిది, ముందు మూల పదిహేడు. పైగా ముందు మూల బాడీ కంటె కొంచెం పైకి లేచి ఉంది. ఇది చూసి మా వాడు వెంటనే గొళ్ళెం బిగిద్దామన్నాడు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు. బిగిస్తే మూల దిగుతుంది, కాని పలక విల్లులా వంగుతుంది, గొళ్ళెం దగ్గర చీలుతుంది అన్నారు. తీసి చూస్తే అప్పటికే గొళ్ళెం చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళున్నాయి. ఎవరో ఇదివరకే బిగించి ఉంటారు.

మరి మూల ఎందుకు లేచింది? ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు. కాని దాని లోపల, ముందు అద్దం చుట్టూ, డోర్ల చుట్టూ, కడ్డీ వెంట ఉక్కు చట్రం ఉంటుంది. అక్కడివారు దాన్ని పిట్ట పంజరం అంటారు. అది తుప్పు పడుతుంది. బయటికి కనిపించదు. ఈ రకం పాత కార్లు కొనేవారు ముందుగా చూడవలసింది రంగు కాదు, ఇంజను కాదు, ఈ పంజరం. ముందు అద్దం పక్కల స్టీలు పట్టీలు ఊడదీసి చూశాం. ఎడమ పై మూల చిటికెన వేలి గోరంత చిల్లు. దాని చుట్టూ గోధుమ రంగు పొరలు. పొరలు పొరలుగా ఉబ్బిన తుప్పు అక్కడి ఫైబర్‌గ్లాస్‌ను పైకి నెట్టింది. దాంతోపాటు పలక మూల లేచింది.

అంటే రెండుసార్లు రబ్బరు మార్చినవారు ఈ పట్టీ తీసి చూడలేదు. వారి తప్పని నేననను. ఖాతాదారు "రబ్బరు మార్చండి" అన్నాడు, వారు మార్చారు. మన ఆఫీసుల్లోనూ అడిగిన కాగితానికే జవాబిచ్చాం గాని, అడగని సంగతి ఎప్పుడు చూశాం?

చిల్లు పని మా వల్ల కాదు. పాత కార్లు చేసే ఒక వెల్డరు దగ్గరికి పంపాం. ఆయన ముందు అద్దం తీసి, తుప్పు పట్టినంత మేర కోసి, కొత్త రేకు అతికి, తుప్పు పట్టని రంగు వేసి పంపాడు. మూడు వారాలు పట్టింది. పెద్ద చట్రమంతా తిని ఉంటే ఆ ఖర్చుకి ఇంకో కారు వచ్చేదని చెప్పాడు. అదృష్టం, తొందరగా దొరికింది.

ఈ మూడు వారాల్లో పలకల పని చేశాం. ఇది మన టింకరింగు షెడ్డువారికి తెలిసిన పనే. గొళ్ళేలు, స్టీలు అంచులు, లోపలి అట్ట అన్నీ తీసేయాలి. పగులు మీద నేరుగా లప్పం పెడితే ఏడాదిలో పగులు మళ్ళీ పైకి వస్తుంది. కనుక పగులు చివరి దాకా వాలుగా అరగదీసి, లోపలి వైపు నుంచి ఫైబర్‌గ్లాస్ గుడ్డ, రెజిన్ పొరలు వేసి, బాగా గట్టిపడ్డాకనే లప్పం, ప్రైమరు, వాటర్ పేపరు, రంగు. రంగు ఊడ్చే మందు అన్ని రకాలూ దీనికి పనికిరావు. కొన్ని ఫైబర్‌గ్లాస్‌నే తినేస్తాయి. ఆ పొడి మహా దురద. ఊపిరితిత్తులకు చెరుపు. మాస్కు, కళ్ళజోడు, పొడుగు చేతుల చొక్కా లేకుండా దగ్గరికి వెళ్ళకూడదు. నన్నయితే ఆ రెండు రోజులు గ్యారేజీలోకే రానివ్వలేదు.

నాకిచ్చిన పని పాత బంక గీకడం. రెండుసార్లు వేసిన బంక రాయిలా ఉంది. ప్లాస్టిక్ పలకతో, కొంచెం కొంచెం మందు తడి చేస్తూ, రంగు పోకుండా గీకాలి. వారం పట్టింది. పెన్షనరుకి తగిన పని. తొందర పనికిరాదు, తెలివి అక్కర్లేదు, ఓపిక చాలు.

కారు తిరిగొచ్చాక అమరిక మొదలైంది. దీనికొక వరస ఉంది. ఎవరైనా అడిగితే ఈ వరసే చెప్పండి. ముందు బాడీ ఛాసిస్ మీద సరిగా కూర్చుందా చూడాలి. మధ్యలో ఉండే రబ్బరు దిమ్మలు అణిగిపోతే బాడీ ఒరుగుతుంది. తర్వాత డోరు. బందులు సరిచేసి డోరు నిటారుగా నిలబెట్టాలి. ఆ తర్వాతే కప్పు పలక. గొళ్ళెం వచ్చి దిగే పలక మరలు కొంచెం సడలిస్తే అది అటూ ఇటూ జరుగుతుంది. అవసరమైతే దాని కింద పలుచని రేకు ముక్క వేస్తారు. ఒకసారికి ఒకే మర, ఒకసారికి కొంచెమే. నాలుగూ ఒక్కసారి సడలిస్తే మొదటికే మోసం. పలక కుదిరాక డోరు అద్దం. ఈ కారు డోరుకి పైన చట్రం ఉండదు. అద్దం నేరుగా వెళ్ళి పలక అంచు రబ్బరుకి ఆనుతుంది. లోపలి అట్ట తీసి, అద్దం ఎత్తు, వాలు సరిచేయాలి. చిట్టచివర రబ్బరు.

రబ్బరుని కూడా వెంటనే అంటించకూడదు. బంక లేకుండా టేపుతో నిలబెట్టి, పలక మూసి చూడాలి. కొత్త రబ్బరు మందంగా ఉంటుంది గనుక గొళ్ళెం గట్టిగా ఉంటుంది. భయపడి బలవంతం చేయకూడదు. ఒక రోజు మూసి ఉంచితే కొంత అణుగుతుంది. అంటించేటప్పుడు రెండు పక్కలా పలుచగా బంక రాసి, చేతికి జిగురు తగిలేంత వరకు ఆరనిచ్చి, ముందు మూలల దగ్గర పెట్టి మధ్యకు రావాలి. రబ్బరుని లాగి అంటిస్తే చూడ్డానికి నీటుగా ఉంటుంది. కాని అది మళ్ళీ తన పొడుగుకి తాను దగ్గరపడుతుంది, మూల దగ్గర నోరు తెరుస్తుంది. నీళ్ళు వచ్చేది ఆ నోటి నుంచే.

అంటించాక కాగితం పరీక్ష. వార్తాపత్రిక ముక్క రబ్బరుకి, అద్దానికి మధ్య పెట్టి మూసి, మెల్లగా లాగాలి. అన్ని చోట్లా ఒకేలాగ పట్టుకోవాలి. జారి వచ్చేస్తే అక్కడ వదులు, చిరిగితే అక్కడ బిగువు. పన్నెండు చోట్ల పరీక్షించి రిజిస్టరులో ఎక్కించాను.

ఆఖరిది నీళ్ళ పరీక్ష. ఒక మనిషి టార్చిలైటుతో లోపల కూర్చోవాలి. ఇంకొకరు బయట గొట్టంతో నీళ్ళు పోయాలి. కొళాయి జోరు తగ్గించి, కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగాలి. పై నుంచి పోస్తే అన్ని చోట్లా ఒకేసారి తడుస్తుంది, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. లోపల కూర్చునే ఉద్యోగం నాది.

అది ఆగస్టు నెల సాయంత్రం. అద్దాల మీద నీళ్ళు పారుతుంటే బయట మా వాడు అలుక్కుపోయిన బొమ్మలా కనబడుతున్నాడు. డోరు అద్దం దగ్గర పోశాడు, రాలేదు. ముందు మూల పోశాడు, రాలేదు. మధ్య కడ్డీ మీద పోశాడు. నిమిషం తర్వాత నా మోకాలి మీద ఒక చుక్క పడింది. నేను అద్దం మీద కొట్టాను. వాడు నీళ్ళు ఆపి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. చుక్క పడింది ముందు మూల నుంచి. కాని మూల మీద పోసినప్పుడు రాలేదు, కడ్డీ మీద పోసినప్పుడు వచ్చింది. వెతికితే కడ్డీ మీది స్టీలు పట్టీ స్క్రూ ఒకదాని కింద సీలు లేదు. నీరు ఆ రంధ్రంలో దూరి, కడ్డీ లోపలే పాకి, మూలకొచ్చి చుక్కగా పడుతోంది.

"నీరు కనబడ్డ చోటు వేరురా, దూరిన చోటు వేరు" అన్నాను.

మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నగారూ, మీరు వచ్చిన దగ్గర్నుంచీ ఈ కారు ధర గురించే అంటున్నారు. మీ కోపం కారు మీద కాదు కదా?" అన్నాడు.

మిత్రులారా, నా భార్య 2021 మే నెలలో కరోనాతో పోయింది. ఆ నెల 4వ తేదీ నుంచి మన దేశం నుంచి అమెరికా వెళ్ళేవారి మీద ఆంక్షలు పెట్టారు. మా వాడిది వర్క్ వీసా. వస్తే తిరిగి వెళ్ళడానికి ఎన్ని నెలలు పడుతుందో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. వాడు వస్తానన్నాడు. రావద్దని ఫోనులో చెప్పింది నేనే. కర్మకాండ మా తమ్ముడి కొడుకు చేశాడు. మా వాడు ఫోనులో చూశాడు. రావద్దన్నది నేనే గాని, వాడు రాలేదన్న మాట నా కడుపులో ఉండిపోయింది. రెండేళ్ళపాటు ఫోను చేస్తే "బాగున్నాను, మందులు వేసుకుంటున్నాను" తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు. ఆ కోపం శ్లాబు మీదా, కారు ధర మీదా చుక్కలు చుక్కలుగా పడుతూ వచ్చింది.

"మీరు వద్దన్నారని ఆగిపోయాను. ఆగినందుకు మీరు నన్ను ఒక్క మాట తిట్టినా బాగుండేది" అన్నాడు వాడు.

"వద్దన్నాను. అయినా వస్తావేమోనని గుమ్మం వైపు చూశానురా" అన్నాను.

అంతే మాట్లాడుకున్నాం. ఇంకా ఏదో జరిగిందని కల్పించి చెప్పను. ఇద్దరం ఆ తడిసిన కారులో కొంతసేపు కూర్చున్నాం. పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి, లీకు దొరికిందా అని అడిగారు. మా వాడు దొరికిందని చెప్పాడు.

మర్నాడు ఆ స్క్రూ తీసి, కొత్త వాషరు, సీలు వేసి బిగించాడు. ఆ తర్వాత భోజనాల దగ్గర నేను కారు ధర ఎత్తలేదు. మా కోడలు మూడో రోజున, "మామయ్యగారూ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ పలకలు ఊడదీసేవి గనుక, గొళ్ళెం సగం పడి ఉంటే వేగంలో గాలికి లేచిపోయే ప్రమాదం ఉంది. వెనుక వచ్చేవారికి ప్రాణగండం. అందుకని బండి కదిలే ముందు ముందు గొళ్ళెం, వెనుక గొళ్ళెం, రెండు పక్కలా చేత్తో నొక్కి చూడాలని ఒక చీటీ రాసి ఇచ్చాను. మా మనవరాలు దాన్ని డాష్‌బోర్డు మీద అంటించింది. వాళ్ళ నాన్న తాళం తిప్పే ముందు అదే గట్టిగా చదువుతుంది. తీసిన పలకని సంచీలో పెట్టి, పట్టీ కట్టి గాని బయలుదేరకూడదు. రబ్బరుకి ఏడాదికి రెండుమూడుసార్లు సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే ఎండకి పగలదు, అద్దానికి అంటుకోదు.

మీకు కార్వెట్ కారు లేకపోవచ్చు. ఇంటికి కప్పు ఉంది గదా. నేను తిరిగొచ్చాక మా మేస్త్రీ శ్లాబు మీద కొత్త కోటింగు వేద్దామన్నాడు. ఆగమన్నాను. మేడ మీద ఒక్కో భాగానికి మట్టి గట్టు కట్టి, ఒక్కో రోజు నీళ్ళు నిలబెట్టి చూశాం. హాలు మధ్యలో కారుతున్న నీరు, పిట్టగోడ మొదట్లో ఉన్న పగులు నుంచి వస్తోంది. ఆ పగులు పూడ్చాడు. రెండు వానాకాలాలు గడిచాయి, హాలు పొడిగానే ఉంది. కోటింగు డబ్బు మిగిలింది. కనుక కప్పు కారితే ముందు చూసి, కొలిచి, రాసుకుని, అప్పుడు బిగించండి. బిగించడం ఆఖరి పని.

ముగిస్తాను. నేను బయలుదేరడానికి రెండు వారాల ముందు పెద్ద వాన వచ్చింది. మా వాడు కారు గ్యారేజీ నుంచి తీసి ఇంటి ముందు పెట్టాడు. ఇద్దరం ఎక్కి కూర్చున్నాం. పెద్దాయన గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డారు. అరగంట కురిసింది. నా మోకాలు పొడిగానే ఉంది. ఆఖర్న మా వాడి భుజం మీద ఒక్క చుక్క పడింది. ఒక్కటే. నేను ఖంగారుపడితే పెద్దాయన నవ్వి, 1976లో షోరూము నుంచి తెచ్చిన మొదటి వానకే ఇంతకంటె ఎక్కువ కారిందని చెప్పారు.

ఆ రాత్రి రిజిస్టరులో ఆఖరి పద్దు రాశాను. "పని పూర్తయినది. కుడి పక్క ఒక చుక్క. స్వల్పము. గమనించుచుండవలెను." కింద సంతకం చేసి, తేదీ వేసి, రిజిస్టరు మా వాడికి అప్పగించాను. ఇప్పుడు ప్రతి ఆదివారం వాడు ఫోను చేస్తాడు. అక్కడ వాన పడితే ముందు ఆ చుక్క సంగతి చెబుతాడు. తర్వాత వాళ్ళ అమ్మ మాటలు వస్తాయి.